ఊరు లేని జట్టు

నిహారిక మొదటిసారి ఆల్బట్రాస్ జట్టు దగ్గరికి వెళ్ళిన రోజు డునెడిన్‌లో వడగళ్ళు పడుతున్నాయి. గ్రౌండ్ పక్కన రేకుల గదిలో బల్లమీద కూర్చుని ఒక భారీ మనిషి తన మోకాలికి తనే పట్టీ చుట్టుకుంటున్నాడు. ఆయనే కోచ్ సియోనే. టోంగా నుంచి వచ్చిన కుటుంబంలో, ఆక్లాండ్‌లో పుట్టాడు. అమెరికాలో కాలేజీ జట్టుకు ఆడుతూ మోకాలు పాడుచేసుకుని తిరిగొచ్చాడు.

"నీకీ ఆట తెలుసా?" అన్నాడు తలెత్తకుండానే.

"తెలీదండి. మోకాళ్ళు తెలుసు. మీరు పట్టీ తప్పుగా చుట్టుకుంటున్నారు" అంది నిహారిక.

ఆయన పట్టీ చుట్ట ఆమె చేతిలో పెట్టి, కాలు చాపాడు. "అయితే ఆట నేను చూసుకుంటా. మోకాళ్ళు నువ్వు చూసుకో."

ఉద్యోగం అలా ఖాయమైంది. నెల్లూరులో ఫిజియోథెరపీ చదివి, పైచదువుకని డునెడిన్ వచ్చి, అక్కడే ఒక క్లినిక్‌లో కుదురుకున్న మనిషి ఆమె. వారాంతాల్లో ఒక కొత్త జట్టుకు ఫిజియో కావాలంటే, సరదాగా ఉంటుంది కదా అని వెళ్ళింది. ఆ సరదా తనను దేశం ఈ కొసనుంచి ఆ కొసదాకా తిప్పుతుందని ఆమెకప్పుడు తెలీదు.

రగ్బీ తప్ప వేరే ఆట ఎక్కని దేశంలో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ పెట్టాలని ఎవరికో బుద్ధిపుట్టింది. నాలుగు ఊళ్ళు, నాలుగు జట్లు. ఆటగాళ్ళకు చిన్నపాటి జీతాలు. రగ్బీ వాళ్ళు గ్రౌండ్లు ఖాళీ చేశాక, క్రికెట్ వాళ్ళు వచ్చి పిచ్‌లు చదును చేసుకునేలోపు, మధ్యలో దొరికే ఆ కొద్ది వారాల్లోనే వీళ్ళ ఆట. హెల్మెట్లు, భుజాలకు కవచాలు, నాలుగు ప్రయత్నాల్లో బంతిని పది గజాలు ముందుకు తీసుకుపోవాలన్న లెక్క. చూడ్డానికి వచ్చినవాళ్ళలో సగంమందికి అర్థమయ్యేది కాదు. యూనివర్సిటీ పిల్లలు మాత్రం దుప్పట్లు కప్పుకుని వచ్చి, అర్థమైనా కాకపోయినా గొంతులు చించుకునేవాళ్ళు.

ఆల్బట్రాస్ మొదటి ఏడు ఓడుతూనే వచ్చింది. ఆటగాళ్ళు మంచివాళ్ళే. జట్టు కెప్టెన్ విరెము అయితే బంతి విసిరాడంటే, అది గాలిలో తిరుగుతూ వెళ్ళి పరుగెత్తేవాడి చేతుల్లో వాలేది. పక్క ఊరు మోస్‌గిల్‌లో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసేవాడు. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. కానీ మిగతా జట్లలో అమెరికా నుంచి రప్పించిన ఆటగాళ్ళుండేవారు. వీళ్ళలో లేరు.

ఆ ఏడాది చివర్లో, నెట్‌లో ప్రసారమయ్యే పెద్ద ఆట ముందు, జట్టు యజమాని తరఫు మేనేజరొకడు నిహారిక దగ్గరికి వచ్చాడు. తొడ కండరం చిరిగిన ఒక ఆటగాణ్ణి చూపించి, "ఈ ఒక్క ఆటకు ఫిట్ అని చెప్పు. అందరూ అతన్ని చూడ్డానికే వస్తున్నారు" అన్నాడు.

"చెప్పను. ఈ ఆట ఆడితే వచ్చే ఏడాది మొత్తం ఆడలేడు."

మేనేజర్ మొహం ముడుచుకుని కోచ్ దగ్గరికి వెళ్ళాడు. సియోనే పూర్తిగా వినకుండానే అడ్డుకున్నాడు. "ఆమె కాదంటే నేనూ కాదంటాను. నా తర్వాత అడగాలంటే ఇక దేవుణ్ణే అడగాలి. ఆయన ఆదివారం మాత్రమే దొరుకుతాడు."

నిహారికకు నవ్వొచ్చింది. చదువుకునే రోజుల నుంచీ ఆమె ఎన్నో చోట్ల పనిచేసింది. తన మాట వెనక ఇంత పెద్ద మనిషి ఇలా గోడలా నిలబడటం మాత్రం అదే మొదటిసారి.

సీజన్ అయిపోయేసరికి యజమానికి ఆట మీద మోజు తీరిపోయింది. డునెడిన్ గ్రౌండ్ కూడా చేజారింది. లీగ్ వాళ్ళు జట్టును క్రైస్ట్‌చర్చ్‌కు మార్చారు. సియోనే అందర్నీ కూర్చోబెట్టి ఉన్న విషయం ఉన్నట్టు చెప్పాడు. "రమ్మని బలవంతం లేదు. వచ్చేవాళ్ళకు భోజనం, బంతి ఉంటాయి. అంతకుమించి నేను మాటివ్వలేను."

విరెము అందరికన్నా ముందు చెయ్యెత్తాడు. నిహారిక ఆ వారమే క్లినిక్‌లో రాజీనామా ఇచ్చింది.

*

క్రైస్ట్‌చర్చ్‌లో రిక్కార్టన్ దగ్గర ఒక రగ్బీ క్లబ్ వాళ్ళు గ్రౌండిచ్చారు. జెర్సీల మీద డునెడిన్ అనే మాట కనబడకుండా గుడ్డముక్క వేసి కుట్టి, దాని మీద కొత్త ఊరి పేరు వేయించారు. ఆటగాళ్ళు చుట్టుపక్కల ఫ్లాట్లలో సర్దుకున్నారు. అక్కడే సీతారత్నం ఆంటీ పరిచయమైంది.

సీతారత్నం ఆంటీది అమలాపురం. రిక్కార్టన్‌లో ఇండియన్ సరుకుల కొట్టు నడిపేది. కొట్టు వెనక నాలుగు బల్లలు వేసి మధ్యాహ్నం భోజనం కూడా పెట్టేది. నిహారిక ఒకరోజు ఐదుగురు ఆటగాళ్ళను వెంటబెట్టుకుని వెళ్తే ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అయ్యబాబోయ్! వీళ్ళేంటమ్మా, తాటిచెట్లలా ఉన్నారు! వీళ్ళకి నా గిన్నెలేం సరిపోతాయి?"

"ఉన్నది పెట్టండాంటీ, చాలు."

"ఉన్నది పెడితే పక్షులు తిన్నట్టుంటుంది. కూర్చోమను. అన్నం మళ్ళీ పడేస్తాను."

ఆ రోజు నుంచి ప్రాక్టీసు అయ్యాక అందరూ అక్కడికే. టామా అనే సమోవా కుర్రవాడు, జట్టులో అందరికన్నా బరువైనవాడు, పులిహోరను కడుపారా తిని ఆంటీకి ప్రాణమైపోయాడు. "ఆంటీ, మోర్ పులి" అని గిన్నె చాపేవాడు. ఆవిడకు ఇంగ్లిష్ అంతంత మాత్రం. అతనికి తెలుగు ఆ ఒక్క మాటే. అయినా ఇద్దరూ గంటలకొద్దీ మాట్లాడుకునేవారు.

ఆ కొట్లోనే జట్టుకు బంటి దొరికాడు. కరీంనగర్ కుర్రాడు, యూనివర్సిటీ చదువు ముగించి ఆంటీ దగ్గర సరుకులు సర్దుతూ ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. చదువుకునే రోజుల్లో ఫుట్‌బాల్ గోల్‌కీపర్. ప్రాక్టీసు చూడ్డానికి వచ్చి, గీత దాటి బయటికొచ్చిన బంతిని సరదాగా తన్నితే, అది గోల్ స్తంభాల మధ్య నుంచి వెళ్ళి అవతలి కార్ల మీద పడింది. సియోనే అతన్ని అక్కడికక్కడే కిక్కర్‌గా తీసుకున్నాడు.

"అక్కా, నాకు భయమైతుంది. నేను వాళ్ళ నడుందాంక గూడ లేను" అన్నాడు బంటి, హెల్మెట్‌లో మొహం మునిగిపోయి.

"నువ్వు తన్ని పక్కకొచ్చేసెయ్యబ్బా. నిన్నెవరూ ముట్టుకోరు" అంది నిహారిక.

ఆ ఏడాది జట్టు రెండు ఆటలు గెలిచింది. ఊళ్ళో జనం గుర్తుపట్టి పలకరించడం మొదలైంది. అంతలో క్లబ్ వాళ్ళు గ్రౌండు తవ్వి మురుగు కాలువలు బాగుచేయించాలని నిర్ణయించారు. వేరే గ్రౌండు దొరకలేదు. టౌరంగాలో కొత్త యజమాని ఒకాయన ముందుకొచ్చాడనీ, జట్టు ఉత్తర దీవికి పోతుందనీ కబురొచ్చింది.

సీతారత్నం ఆంటీ మండిపడింది. "ఇదేం జట్టమ్మా, పిల్లి పిల్లల్ని మార్చినట్టు ఊళ్ళు మారుస్తున్నారు! నువ్వైనా ఇక్కడ సెటిలవ్వచ్చుగా? వాళ్ళెటు పోతే నువ్వటు పోవడమేంటి?"

"ఆంటీ, నేను పనిచేసిన చోటల్లా మనుషులు తమ నొప్పి గురించే చెప్పేవాళ్ళు. వీళ్ళు పక్కవాడి నొప్పి గురించి చెప్తారు. టామా భుజం పట్టేసిందని నాకు విరెము చెప్తాడు. విరెము నిద్రపోవట్లేదని టామా చెప్తాడు. ఇట్టాంటోళ్ళను వదిలి యాడికి పోను?" అంది నిహారిక.

బయల్దేరే రోజు ఆంటీ బస్సు నిండా పులిహోర డబ్బాలు ఎక్కించింది. టామా ఆవిణ్ణి రెండు చేతులతో ఎత్తి దింపాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే అతని వీపు మీద ఒక్కటి చరిచింది.

*

టౌరంగాలో ఎండ బాగుంది, సముద్రం బాగుంది. జట్టు పరిస్థితి మాత్రం బాగాలేదు. సీజన్ సగంలో కొత్త యజమాని కూడా తప్పుకున్నాడు. లీగ్ పెద్దలు ఫోన్ చేసి, మిగిలిన ఆటలన్నీ ఎదుటి జట్ల గ్రౌండ్లలోనే ఆడి సీజన్ పూర్తి చెయ్యమన్నారు. ఇక సొంత గ్రౌండు లేదు, సొంత ఊరూ లేదు. జెర్సీ మీద ఏ పేరుండాలో ఎవరికీ తెలియక, ఊరి పేరు మీద ఇంకో ఉత్త గుడ్డముక్క కుట్టి, ఆల్బట్రాస్ పక్షి బొమ్మతోనే ఆడారు.

సగంమంది వెళ్ళిపోయారు. వాళ్ళను ఎవరూ తప్పుపట్టలేదు. సియోనే ఒక్కొక్కరినీ బస్టాండ్‌దాకా తనే దింపి వచ్చాడు. మిగిలినవాళ్ళు పగలు కివీపండ్ల ప్యాకింగ్ షెడ్లలో పనిచేసి, సాయంత్రాలు పోర్టు దగ్గర ఖాళీ స్థలంలో ప్రాక్టీసు చేసేవారు. నిహారిక ఒక వృద్ధాశ్రమంలో ఉద్యోగం చూసుకుంది. డ్యూటీ అవగానే వచ్చి, కారు డిక్కీ తెరిచి, ఐస్ ముక్కలూ పట్టీలూ తీసేది.

మనుషులు చాలక, బంతి తమదైనప్పుడు ముందువరసలో తోసేవాళ్ళే, ఎదుటివాళ్ళదైనప్పుడు ఆపేవాళ్ళుగా కూడా ఆడాల్సి వచ్చేది. ఊపిరి తీసుకునే వీలుండేది కాదు. ఓడిన ప్రతిసారీ విరెము ఎదుటి జట్టులో ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్ళి చెయ్యి కలిపి వచ్చేవాడు. తర్వాత బస్సులో ఒక్కడే కూర్చుని కిటికీలోంచి చూస్తుండేవాడు. ఒకసారి నిహారికతో అన్నాడు: "ఈ ఏడు ఒక్కటి గెలవాలి. ఒక్కటంటే ఒక్కటి. మనం నిజంగా ఉన్నామని ఎక్కడో ఓచోట రాసుండాలి కదా."

ఆ ఒక్కటీ దొరికేలా కనిపించింది సీజన్ ఆఖరి ఆటలో. ప్రత్యర్థి ఆక్లాండ్. ఆ ఏడాది ఒక్క ఆట కూడా ఓడని జట్టు. వాళ్ళ గ్రౌండ్‌లోనే, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆట మొదలైంది.

ఎవరూ ఊహించని విధంగా ఆడారు ఆల్బట్రాస్‌లు. విరెము బంతిని ఇంచ్ ఇంచ్‌గా ముందుకు తీసుకొచ్చాడు. గోల్ గీత దాటించలేకపోయిన మూడుసార్లూ బంటి స్తంభాల మధ్యకు తన్ని మూడేసి పాయింట్లు తెచ్చాడు. నాలుగు భాగాల్లో మూడోది ముగిసేసరికి స్కోరు తొమ్మిది, ఏడు. రెండు పాయింట్ల ఆధిక్యం. చూడ్డానికి వచ్చిన ఆక్లాండ్ జనం కూడా ఈ ఊరు లేని జట్టుకు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు.

అప్పుడు విరెముకు దెబ్బ తగిలింది. బంతి విసిరిన క్షణంలో పక్కనుంచి ఒకడు వచ్చి గుద్దాడు. విరెము తల వెనక్కి పడి నేలకు తాకింది. లేచాడు. దుమ్ము దులుపుకున్నాడు. నడుచుకుంటూ వెళ్ళి ఆక్లాండ్ ఆటగాళ్ళ గుంపులో నిలబడబోయాడు. వాళ్ళు నవ్వి అతన్ని తిప్పి పంపారు. అందరూ నవ్వారు. విరెము కూడా నవ్వాడు.

నిహారిక నవ్వలేదు. లోపలికి పరుగెత్తి అతన్ని పక్కకు పిలిచింది. అతని కళ్ళలోకి చూసింది.

"విరెము, మనం ఏ ఊళ్ళో ఆడుతున్నాం?"

"డునెడిన్" అన్నాడు వెంటనే. ఆమె మొహం చూసి సర్దుకున్నాడు. "ఆక్లాండ్. ఆక్లాండ్! తమాషాకన్నాను. ఇన్ని ఊళ్ళు తిరిగితే ఎవరికైనా తికమకే కదా. టామాను అడుగు, వాడూ తప్పే చెప్తాడు."

అదీ నిజమే. బస్సు దిగేటప్పుడు ఇది ఏ ఊరని వాళ్ళు తరచూ ఆటపట్టించుకునేవారు. నిహారిక ఒక్క క్షణం తటపటాయించింది. అతను నిటారుగానే నిలబడ్డాడు. మాట తడబడటం లేదు. ఈ ఏడంతా అతను కోరుకున్న గెలుపు చేతికి అందేంత దూరంలో ఉంది. తను పొరబడి ఉండొచ్చు. పొరబడకపోతే మాత్రం, ఇంకో దెబ్బ తగిలితే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు.

"ఇక నువ్వు ఆడటం లేదు" అంది.

విరెము మొహం పాలిపోయింది. "కోచ్! ఈమెకు చెప్పండి!"

సియోనే కుంటుకుంటూ వచ్చాడు. స్కోరుబోర్డు వైపు చూశాడు. తన దగ్గర మిగిలిన అలసిపోయిన మనుషుల వైపు చూశాడు. బంతి విసరడం వచ్చినవాడు విరెము ఒక్కడే.

"ఆమె ఏమంది?"

"వద్దంది."

"అయితే నేను అడగాల్సిందేముంది" అని సియోనే విరెము హెల్మెట్‌ను తనే మెల్లగా విప్పి చంకలో పెట్టుకున్నాడు. తర్వాత టామా వైపు తిరిగాడు. "బంతి నువ్వు పట్టుకోవాలి. విసరకు. నీకు రాదు. పట్టుకుని తోసుకుంటూ పో."

ఆతిథ్య జట్టు డాక్టరు గ్రౌండ్‌లోనే ఉన్నాడు గనక, విరెముతో పాటు అంబులెన్సులో నిహారికే వెళ్ళింది.

*

స్కాన్ చేశారు. లోపల రక్తస్రావం ఏమీ లేదనీ, మెదడుకు కుదుపు తగిలిందనీ, కొన్ని వారాలు ఆట మాట ఎత్తొద్దనీ డాక్టరమ్మ చెప్పి వెళ్ళింది.

"చూశావా? ఏమీ లేదు" అన్నాడు విరెము.

"ఏమీ లేకపోవడమే నాక్కావాల్సింది."

"నా దగ్గర్నుంచి ఏం తీసేసుకున్నావో తెలుసా నీకు?"

"తెలుసు" అంది నిహారిక. "నీకు ఇంకో వంద ఆటలు ఉండుంటే, నిన్ను ఆపడం నాకింత కష్టమయ్యేది కాదు."

అతను మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆమె కుర్చీలోనే కూర్చుంది. ఫోను చూసుకునే ధైర్యం రాలేదు. ఆ ఫోనే మోగింది. బంటి.

"అక్కా! గెల్సినం! గెల్సినమక్కా! అన్నకు చెప్పు! మేం వస్తున్నం!" వెనక నుంచి బస్సంతా హోరు. మిగతాదేమీ వినబడలేదు.

నిహారిక చెప్పింది. విరెము గోడ వైపు నుంచి తిరగలేదు. భుజాలు మాత్రం కదిలాయి. ఆనందమో బాధో ఆమె అడగలేదు.

కాసేపటికి రిసెప్షన్ దగ్గర కలకలం. వెళ్ళి చూస్తే జట్టు మొత్తం నిలబడి ఉంది. మట్టి కొట్టుకున్న బట్టలతో, కవచాలతో, ఒకడి ముక్కులో దూదితో. రిసెప్షన్‌లో ఉన్నామె రెండు చేతులూ చాపి వాళ్ళను ఆపుతోంది. "ఇద్దరు మాత్రమే లోపలికి! మిగతావాళ్ళు బయట ఉండండి, ప్లీజ్!"

"అయితే వాడినే బయటికి తీసుకురండి" అన్నాడు సియోనే వినయంగా.

డాక్టరమ్మను అడిగితే, అతను ఎలాగూ ఇంటికి వెళ్ళొచ్చనీ, నెమ్మదిగా నడిపించమనీ అంది. కార్ పార్కింగ్‌లో విరెమును చూడగానే అరుపులు మొదలయ్యాయి. సియోనే చెయ్యెత్తగానే అందరూ గొంతులు తగ్గించి గుసగుసలుగా అరిచారు.

"ఎలా గెలిచారు?" అన్నాడు విరెము.

ఒక్కసారిగా అందరూ చెప్పబోయారు. ఏదీ అర్థం కాలేదు. టామా అందరినీ పక్కకు తోశాడు. "చెప్తే తెలీదు. చూపిస్తాం. నువ్వూ, నిహారికా అక్కడ కూర్చోండి."

ఇద్దర్నీ గోడ మీద కూర్చోబెట్టారు. పార్కింగ్ గీతలే గ్రౌండు గీతలయ్యాయి. చెత్తడబ్బా గోల్ గీత. ఆటగాళ్ళు ఎవరి చోట్లలో వాళ్ళు నిలబడ్డారు. ఆక్లాండ్ వాళ్ళ వేషం కట్టడానికి మనుషులు చాలక, బస్సు డ్రైవరూ, ఒక అంబులెన్సు ఉద్యోగీ వచ్చి నిలబడ్డారు.

"ఆఖరి ప్రయత్నం. ఇక టైం లేదు. బంతి వాళ్ళ చేతిలో ఉంది. గీత దాటితే గెలుపు వాళ్ళదే" అని సియోనే కథ అందుకున్నాడు. "మనవాళ్ళలో ఇద్దరికి కాళ్ళు పట్టేశాయి. పంపడానికి ఎవరూ లేరు. బంటిని పంపాను."

"నన్ను ఎవ్వలు ముట్టుకోరని చెప్పినవ్ గదక్కా!" అన్నాడు బంటి దూరం నుంచి.

నెమ్మదిగా, నీళ్ళలో నడిచినట్టు ఆట మొదలైంది. బంతి పైకి లేచింది. ఆక్లాండ్ ఆటగాడి పాత్ర సియోనేదే. బంతి అందుకుని, ఒకణ్ణి తప్పించుకుని, ఇద్దర్ని విదిలించుకుని, కుంటుకుంటూ చెత్తడబ్బా వైపు పరుగెత్తాడు. మధ్యలో బంటి ఒక్కడే ఉన్నాడు. ఎదురుగా నిలబడలేక, పక్కకు దూకి, రెండు చేతులతో ఆయన కాలి మడమ పట్టుకుని నేలమీద పడ్డాడు.

"చిన్నప్పుడు కబడ్డీల పట్టినట్టు పట్టినన్నా! ఈడ్చుకపోయిండు! మొకమంత గీరుకపోయింది, సూడు! అయినా ఇడ్వలే!"

సియోనే ఒక అడుగు, ఇంకో అడుగు వేసి, చెట్టు ఒరిగినట్టు మెల్లగా ఒరిగాడు. చాచిన చెయ్యి చెత్తడబ్బాకు జానెడు దూరంలో ఆగిపోయింది.

"అంతే" అన్నాడు నేలమీద నుంచే. "టైమైపోయింది."

విరెము గోడ దిగాడు. నెమ్మదిగా నడిచి వెళ్ళి, బంటిని లేపి, చర్మం లేచిన ఆ మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. తర్వాత కోచ్‌ను లేపాడు. "ఇంకోసారి చూపిస్తారా?" అని అడిగాడు.

మళ్ళీ ఆడారు. ఈసారి కిటికీల దగ్గర నర్సులు కూడా చేరారు.

క్రిస్మస్ రాకముందే లీగ్ మూతపడింది. ఆల్బట్రాస్‌కు మారడానికి ఇక ఊరు అవసరం లేకపోయింది. కానీ ఆ సాయంత్రానికి వాళ్ళకు ఆ సంగతి తెలీదు. టౌరంగా వెళ్ళే బస్సెక్కి, ఎప్పటిలాగే వెనక సీట్ల కోసం కొట్లాడుకున్నారు. విరెము ముందు వరుసలో కూర్చున్నాడు. నిహారిక అతన్ని దాటి వెనక్కి వెళ్ళబోయింది.

"ఇక్కడ కూర్చో" అన్నాడతను, కిటికీ పక్క సీటు చూపించి. "ఎండ కళ్ళలో పడుతోంది. నువ్వు అడ్డముంటే పడదు."

ఆమె కూర్చుంది. బస్సు హైవే ఎక్కకముందే అతను నిద్రపోయాడు. మధ్యమధ్య తట్టి లేపుతూ, పేరేంటని, ఏ ఊరు వెళ్తున్నామని అడుగుతూ ఉంది నిహారిక. అతను కళ్ళు తెరవకుండానే జవాబు చెబుతూ వచ్చాడు. ప్రతిసారీ సరిగ్గానే చెప్పాడు.